బల్ల మీద రేణిగుంట

రేణిగుంట జంక్షన్‌లో నాలుగు దిక్కుల లైన్లు కలుస్తాయి. శ్రీకాళహస్తి మీదుగా గూడూరు, పుత్తూరు మీదుగా అరక్కోణం, కోడూరు, కడప మీదుగా గుంతకల్లు, పడమటికి పది కిలోమీటర్లు పోతే తిరుపతి. ఇలాంటి జంక్షన్‌లో కాసేపు నిలబడితే షంటింగ్ కంటపడుతుంది. ఒక బండి ముందున్న ఇంజన్‌ను విప్పి పక్కకు తప్పిస్తారు. అదే పట్టా మీదికి, అదే బోగీల వైపుకు ఇంకో ఇంజన్ నెమ్మదిగా వచ్చి ఆనుకుంటుంది. రెండు ఇంజన్లు ఒకే పట్టా మీద ఉన్నా ఒకటి కదులుతుంది, రెండోది ఆగి ఉంటుంది. ఎవరి ఇంజన్ వాళ్ల చేతుల్లో ఉంది కాబట్టి అందులో మనకు వింతేమీ తోచదు.

ఇంట్లో బల్ల మీద మోడల్ రైలు వేసుకున్నవాళ్లకు మాత్రం ఇంత చిన్న పనే ఏళ్ల తరబడి చేతకాలేదు.

మామూలు మోడల్ రైలు పనిచేసే తీరు తేలికే. కంట్రోలర్ గుండీ తిప్పితే రెండు పట్టాల మధ్య 0 నుంచి 12 వోల్టుల దాకా డీసీ కరెంటు వస్తుంది. అది చక్రాల ద్వారా ఇంజన్ లోపలి మోటారుకు చేరుతుంది. వోల్టేజి పెంచితే వేగం, ప్లస్ మైనస్ తారుమారు చేస్తే వెనకడుగు. జాగ్రత్తగా చూస్తే ఇక్కడ మనం నడుపుతున్నది ఇంజన్‌ను కాదు, పట్టాను. ఆ పట్టా మీద రెండు ఇంజన్లు పెడితే రెండూ కలిసే పరుగెడతాయి. దీనికి పాతకాలపు విరుగుడు, పట్టాలను అక్కడక్కడ కోసి ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకు ఒక్కో స్విచ్ పెట్టడం. రేణిగుంట లాంటి యార్డు ఈ పద్ధతిలో కట్టాలంటే బల్ల కింద తీగల అడవి మొలుస్తుంది. రైలు నడిపేవాడికి రైలు మీద కన్నా స్విచ్‌ల మీదే ధ్యాస ఉంటుంది.

డిజిటల్ కమాండ్ కంట్రోల్, పొట్టిగా డీసీసీ, ఈ లెక్కను తిరగేసింది. పట్టాల మీద కరెంటు ఎప్పుడూ ఒకే మోతాదులో, హెచ్‌ఓ సైజు రైళ్లకైతే 14 నుంచి 16 వోల్టుల వరకు, నిండుగా ఉంటుంది. దాన్ని ఎంత వాడుకోవాలో, ఎటు కదలాలో నిర్ణయించేది ఇంజన్ లోపలున్న డీకోడర్ అనే బుల్లి సర్క్యూట్. అసలు రైల్వేలో జరిగేది కూడా ఇదే. పద్మావతి ఎక్స్‌ప్రెస్ లాంటి బండిని లాగే వ్యాప్-7 ఇంజన్ పైతీగ నుంచి తీసుకునేది 25,000 వోల్టుల సింగిల్ ఫేజ్ ఏసీ. బండి ఆగి ఉన్నా, గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నా తీగలో ఉండేది అదే. ట్రాన్స్‌ఫార్మర్, కన్వర్టర్లు, కంట్రోల్ కంప్యూటర్ అన్నీ ఇంజన్ పొట్టలోనే ఉండి, ఆ కరెంటును తమకు కావలసినట్టు మలిచి ఆరు మోటార్లకు పంచుతాయి. 6 వేల హార్స్‌పవర్ దాటిన ఆ ఇంజన్‌కూ, అరచేతిలో పట్టే మన ఇంజన్‌కూ డీసీసీతో పోలిక కుదిరింది. డీసీసీని కొత్త రకం రిమోట్ కంట్రోల్ అనుకునేవాళ్లకు ఈ సంగతి ముందుగా చెప్పాలనిపిస్తుంది. ఇది బొమ్మకు తగిలించిన హంగు కాదు, బొమ్మ ఎట్టకేలకు రైల్వే పద్ధతికి రావడం.

ఇంతకూ ఇంజన్‌కు మాట ఎలా చేరుతుంది? వేరే తీగలేమీ లేవు. కరెంటు మోసే ఆ రెండు పట్టాలే సందేశాన్నీ మోస్తాయి. పట్టాల మీది వోల్టేజి క్షణక్షణానికీ ప్లస్ నుంచి మైనస్‌కు, మైనస్ నుంచి ప్లస్‌కు దూకుతూ ఉంటుంది. ఒక్కో సగం 58 మైక్రోసెకన్లు నిలిస్తే అది 1. కనీసం 100 మైక్రోసెకన్లు నిలిస్తే అది 0. డీకోడర్‌లోని రెక్టిఫయర్ ఈ దూకుళ్లన్నిటినీ సాపు చేసి మోటారుకు కావలసిన కరెంటును తీసుకుంటుంది. పక్కనే ఉన్న మైక్రోకంట్రోలర్ ఆ దూకుళ్ల నిడివి కొలిచి అందులోని మాటను చదువుకుంటుంది.

ఒక సందేశాన్ని విప్పి చూద్దాం. కొత్త డీకోడర్ కంపెనీ నుంచి వచ్చేటప్పుడు దాని చిరునామా 3 అని ఉంటుంది. '3వ నంబరు ఇంజన్, ముందుకు, 28 మెట్లలో 10వ మెట్టు వేగం' అని చెప్పాలంటే, సందేశాలు పంపే పెట్టె, అంటే కమాండ్ స్టేషన్, మొదట పద్నాలుగు 1లు వరసగా పంపుతుంది. అది అందరూ చెవి ఒగ్గడానికి. తర్వాత ఒక 0. ఆ తర్వాత చిరునామా 00000011, మళ్లీ 0, ఆజ్ఞ 01110110, మళ్లీ 0, చివరికి సరిచూసుకునే బైటు 01110101, ముగింపుగా ఒక 1. ఆజ్ఞలో మొదటి 01 'ఇది వేగం, దిశల గురించి' అని చెప్తుంది, మూడో అంకె 1 అయితే ముందుకు అని అర్థం, మిగతా ఐదూ వేగానివి. సరిచూసుకునే బైటు ఎక్కడి నుంచి వచ్చిందంటారా? చిరునామాను, ఆజ్ఞను ఒకదాని కింద ఒకటి రాసి, అంకెలు ఒకటే అయిన చోట 0, వేరైన చోట 1 వేయండి. అదే వస్తుంది. డీకోడర్ కూడా ఈ లెక్క వేసుకుంటుంది. చక్రం కింద దుమ్ము పడి ఒక్క బిట్టు చెడినా లెక్క తప్పుతుంది, డీకోడర్ ఆ సందేశాన్ని పట్టించుకోదు. పోయిన సందేశం గురించి బెంగ అక్కర్లేదు. ఈ మొత్తానికి పట్టే సమయం సుమారు 6 మిల్లీసెకన్లు, అంటే సెకనుకు 160 సందేశాల దాకా వెళ్తాయి. చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్పడం కమాండ్ స్టేషన్ పని.

పట్టా మీద పది ఇంజన్లున్నా అన్నిటికీ అన్ని సందేశాలూ వినిపిస్తాయి. స్టేషన్‌లో అనౌన్స్‌మెంట్ ప్లాట్‌ఫాం మీది వాళ్లందరి చెవినా పడినా, ఆ బండి ఎక్కాల్సినవాళ్లే సామాన్లు సర్దుకుని లేచినట్టు, తన నంబరు పలికిన ఇంజన్ మాత్రమే కదులుతుంది.

ఈ ఆలోచన ఒక్కరోజులో పుట్టింది కాదు. 1960ల్లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఆస్ట్రాక్ పేరుతో ఐదు ఇంజన్లను విడివిడిగా నడిపే ఏర్పాటు తెచ్చింది. 1979లో బ్రిటన్‌కు చెందిన హార్న్‌బీ జీరో-1 వచ్చింది. ఏ కంపెనీ భాష ఆ కంపెనీదే. ఒకరి ఇంజన్ ఇంకొకరి పట్టా మీద మూగదే. జర్మనీలో బెర్న్డ్ లెంజ్ 1980ల చివర్లో రూపొందించిన పద్ధతిని అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ తీసుకుని, మెరుగుపరిచి, 1994లో అందరికీ ఉమ్మడి ప్రమాణంగా ప్రకటించింది. ఇవాళ ఏ దేశంలో కొన్న డీసీసీ డీకోడరైనా, ఏ కంపెనీ డీసీసీ కంట్రోలర్ మాటైనా వింటుందంటే అదే కారణం. మెర్క్లిన్ రైళ్లు కొనేవాళ్లు మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. వాళ్ల పట్టా, వాళ్ల భాష వేరు.

మొదలుపెట్టడానికి కావలసినవి ఏమిటి? డీకోడర్ ఉన్న ఇంజన్, కమాండ్ స్టేషన్, పట్టాలకు కరెంటు తోడే బూస్టర్, చేతిలో పట్టుకుని నడిపే థ్రాటిల్. కంపెనీల స్టార్టర్ సెట్లలో చివరి మూడూ ఒకే పెట్టెలో ఉంటాయి. అలా కొనుక్కునే స్తోమత ఉంటే అదే సుఖం. కానీ ఎస్వీ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివే కుర్రాడు, ఏర్పేడు ఐఐటీ హాస్టల్లో ఉండే అమ్మాయి ఈ దారి పట్టకపోతేనే మేలని నా అభిప్రాయం. ఆర్డుయినో మెగా బోర్డు ఒకటి, దాని మీద కూర్చునే మోటార్ షీల్డ్ ఒకటి, 15 వోల్టుల అడాప్టర్ ఒకటి చాలు. డీసీసీ-ఈఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే అదే కమాండ్ స్టేషన్ అవుతుంది. వైఫై ముక్క ఒకటి తగిలిస్తే జేబులోని ఫోనే థ్రాటిల్. ఆ షీల్డ్ 2 ఆంపియర్ల దాకా ఇవ్వగలదు. హెచ్‌ఓ ఇంజన్లు రెండు మూడు నడపడానికి అది సరిపోతుంది.

కంప్యూటర్ నుంచి నడపాలనుకుంటే జేఎంఆర్‌ఐ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దీనికో చిన్న చరిత్ర కూడా ఉంది. దీన్ని రాసినవాళ్లలో ముఖ్యుడైన రాబర్ట్ జేకబ్‌సన్, తమ ఫైళ్లను లైసెన్సు షరతులు పాటించకుండా ఒక కంపెనీ వాడుకుందని కోర్టుకెక్కారు. 2008లో అమెరికా ఫెడరల్ అప్పీళ్ల కోర్టు, ఉచితంగా పంచే సాఫ్ట్‌వేర్ షరతులు మీరినా కాపీరైట్ ఉల్లంఘన కిందికి రావచ్చని తేల్చింది. న్యాయశాస్త్ర పాఠాల్లోకెక్కిన ఆ తగాదా బొమ్మరైళ్ల డీకోడర్ల ఫైళ్ల దగ్గర మొదలైందంటే చాలామంది నమ్మరు.

ఇక ఇంజన్‌లో డీకోడర్ బిగించడం. కొత్త ఇంజన్లలో చాలావాటికి డీకోడర్ సాకెట్ ఒకటి సిద్ధంగా ఉంటుంది. మూత తీసి, అందులో ఉన్న ఉత్తుత్తి ప్లగ్గు పీకి డీకోడర్ ప్లగ్గు గుచ్చితే పని అయిపోయినట్టే. సాకెట్ లేని పాత ఇంజన్ అయితే సోల్డరింగ్ కడ్డీ పట్టాలి. డీకోడర్ తీగల రంగులకు అర్థాలున్నాయి. ఎరుపు, నలుపు తీగలు పట్టాల నుంచి కరెంటు తెచ్చేవి, నారింజ, బూడిద రంగువి మోటారుకు పోయేవి. తెలుపు ముందు దీపానికి, పసుపు వెనక దీపానికి, నీలం రెండు దీపాలకూ ఉమ్మడి ప్లస్. వీటిలో ప్రాణం మీదికి తెచ్చేది ఒక్కటే. పాత ఇంజన్లలో మోటారు బ్రష్ ఒకటి లోహపు చాసిస్‌కు నేరుగా ఆనుకుని ఉంటుంది, ఆ చాసిస్ ఒక పట్టాకు కలిసి ఉంటుంది. మోటారుకు డీకోడర్ నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ కరెంటు తగలకూడదు. తగిలితే పవర్ ఇచ్చిన మరుక్షణం డీకోడర్ కాలి వాసన వస్తుంది. అందుకని డీకోడర్ కలపకముందే మల్టీమీటర్ పుల్ల ఒకటి చక్రానికి, రెండోది మోటారు బ్రష్‌కు ఆనించి చూడాలి. బీప్ వినబడిందా, ఆ చోట టేపో ప్లాస్టిక్ ముక్కో పెట్టి విడదీయాలి. రెండు చక్రాల వరసలకూ, రెండు బ్రష్‌లకూ చూసి, నాలుగుసార్లూ మీటర్ మూగగా ఉంటేనే ముందుకు వెళ్లాలి.

బిగించాక నేరుగా పెద్ద పట్టా మీద పెట్టకండి. చాలా కమాండ్ స్టేషన్లకు ప్రోగ్రామింగ్ ట్రాక్ అని విడిగా ఒకటుంటుంది. దానికి పరిమితమైన కరెంటే వస్తుంది కాబట్టి తీగ తప్పు కలిసినా డీకోడర్ బతికే అవకాశం ఎక్కువ. ఇక్కడ ఒక ముచ్చట చూడొచ్చు. 'నీ చిరునామా ఎంత?' అని కమాండ్ స్టేషన్ అడుగుతుంది. తిరిగి జవాబు చెప్పడానికి డీకోడర్‌కు నోరు లేదు. అందుకని సరైన ప్రశ్న వచ్చినప్పుడు 6 మిల్లీసెకన్ల పాటు మోటారును ఒక్కసారి అదిలించి, 60 మిల్లీఆంపియర్ల కరెంటు అదనంగా లాగుతుంది. ఆ కుదుపును కమాండ్ స్టేషన్ 'అవును' అని లెక్కేసుకుంటుంది. ఇంజన్ ఉన్నచోటే చిటుక్కు చిటుక్కుమని ఉలిక్కిపడుతుంటే పాడైందనుకుని ఆపేయకండి, అది మాట్లాడుతోంది.

డీకోడర్‌లో సీవీలు అనే నంబరు గదులుంటాయి. ఒక్కో గదిలో ఒక్కో స్వభావం. మొదటి గదిలో చిరునామా. రెండోది కదలడం మొదలుపెట్టే వోల్టేజి, ఐదోది అత్యధిక వేగం. నాకు అన్నిటికన్నా విలువైనవిగా తోచేవి మూడు, నాలుగు గదులు. అవి వేగం పుంజుకోవడానికీ, తగ్గడానికీ పట్టే సమయాన్ని నిర్ణయిస్తాయి. మూడో గదిలో 40 వేస్తే సున్నా నుంచి పూర్తి వేగానికి దాదాపు 36 సెకన్లు పడుతుంది. కొత్త ఇంజన్లలో ఈ విలువ చిన్నగా ఉంటుంది, గుండీ తిప్పగానే కప్పలా గెంతుతాయి. నిండు బోగీలతో తిరుపతి ప్లాట్‌ఫాం వదిలే బండిని ఒక్కసారి తలుచుకుని ఈ రెండు అంకెలు మార్చి చూడండి. సౌండ్ డీకోడర్ మీద డబ్బు పెట్టే ముందు ఈ పని చేయాలి. కూత ఎంత అచ్చంగా ఉన్నా, గెంతే బండి బొమ్మలాగే కనిపిస్తుంది.

చిరునామాగా ఇంజన్ పక్కన రాసి ఉన్న నంబరునే ఇవ్వడం ఆనవాయితీ. మన దగ్గర చిన్న చిక్కు ఉంది. వ్యాప్-7 నంబర్లు ఐదంకెలవి, 30201తో మొదలవుతాయి. డీసీసీ చిరునామా 10239 దాటకూడదు. చివరి నాలుగంకెలు వాడుకోవడమే దారి. పాత మీటర్ గేజ్ డీజిల్ వైడీఎం-4కు ఈ బాధ లేదు, దాని నంబరు నాలుగంకెలే.

మీటర్ గేజ్ మాట వచ్చింది కాబట్టి, ఉమ్మడి చిత్తూరు జిల్లా వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సిన విషయం ఒకటుంది. హెచ్‌ఓ అంటే అసలులో 87వ వంతు. దాని పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు, అది యూరప్, అమెరికాల 1435 మిల్లీమీటర్ల గేజ్‌కు సరిపోయే లెక్క. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 19.26 వస్తుంది. అంటే బజారులో దొరికే హెచ్‌ఓ పట్టా మీద మన వ్యాప్-7 పెడితే చక్రాలు దాదాపు 3 మిల్లీమీటర్లు లోపలికి నొక్కుకుపోయినట్టు ఉంటాయి. చూసే కళ్లకు తెలిసిపోతుంది. మీటర్ గేజ్‌కు లెక్క వేయండి. 1000ని 87తో భాగిస్తే 11.49. స్విట్జర్లాండ్ కొండ రైళ్ల మోడళ్ల కోసం 12 మిల్లీమీటర్ల పట్టాలు తయారవుతున్నాయి. అరమిల్లీమీటర్ తేడాను ఎవరూ పట్టుకోలేరు. అందువల్ల ఇప్పటి బ్రాడ్‌గేజ్ రేణిగుంట కన్నా, ఒకప్పటి మీటర్ గేజ్ పాకాల జంక్షన్ బల్ల మీద ఎక్కువ నిజంగా కుదురుతుంది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో సౌత్ ఇండియన్ రైల్వే వేసిన లైన్లు అవి. కాట్పాడి నుంచి చిత్తూరు, పాకాల, తిరుపతి, రేణిగుంట మీదుగా గూడూరుకు ఒకటి. పాకాల నుంచి పీలేరు, మదనపల్లె రోడ్డు, కదిరి మీదుగా ధర్మవరానికి ఇంకొకటి. రెండూ ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయిపోయాయి.

స్థలం సంగతి కూడా పాకాలకే అనుకూలం. తిరుపతి, రేణిగుంటల మధ్య పది కిలోమీటర్లను 87వ వంతుకు కుదిస్తే 115 మీటర్లు. 24 ఎల్‌హెచ్‌బీ కోచ్‌ల బండి ఒక్కటే ఆరున్నర మీటర్లు. ఏ ఇంట్లో సాగుతుంది? పాకాలలో మూడు దిక్కుల లైన్లు, నాలుగైదు బోగీల ప్యాసింజర్లు, ఇంజన్ మార్పులు. ఆరడుగుల చెక్క మీద ఒక యార్డు, రెండు లూప్ లైన్లు, దామలచెరువు మామిడికాయలు ఎక్కించే గూడ్స్ షెడ్డు ఒకటి ఊహించి పెట్టుకుంటే, డీసీసీ ఇచ్చే సుఖమంతా అక్కడే తెలుస్తుంది.

మన ఎండకూ దుమ్ముకూ తగ్గ జాగ్రత్తలు పుస్తకాల్లో అంతగా ఉండవు. మోడల్ పట్టాలు నికెల్ సిల్వర్ లోహంతో చేస్తారు. మూడు మీటర్ల పట్టా 20 డిగ్రీల వేడి పెరిగితే ఒక మిల్లీమీటర్ సాగుతుంది. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు అతుకులన్నీ బిగించి వేస్తే మే నెల మధ్యాహ్నానికి పట్టా విల్లులా వంగుతుంది. అతుకుల దగ్గర కాస్త సందు వదలాలి. ఈ లోహం రాగి కన్నా పదిహేను రెట్లకు పైగా కరెంటును అడ్డుకుంటుంది కూడా. పట్టాల మీదే నమ్మకం పెట్టుకోకుండా, ఇంటి వైరింగ్‌కు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలు రెండు బల్ల కింద పొడుగునా లాగి, మీటరుకొక చోట సన్నటి తీగతో పట్టాకు కలపాలి. అంతా అయ్యాక రూపాయి బిళ్ల ఒకటి పట్టాల మీద అడ్డంగా పెట్టి చూడండి. బల్ల మీద ఎక్కడ పెట్టినా బూస్టర్ టక్కున ఆగిపోవాలి. ఎక్కడైనా ఆగకపోతే ఆ చోటికి తీగ చాలలేదన్నమాట. ఆ స్థితిలో ఇంజన్ పట్టా తప్పితే ప్లాస్టిక్ కరుగుతుంది. దుమ్ముకు మందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలు గుడ్డ. పాత డీసీ రైలు మురికి పట్టా మీద తడబడుతూనైనా పోతుంది, డీసీసీలో క్షణం కరెంటు తెగితే డీకోడర్ మొదటికొస్తుంది.

డీకోడర్ లేని ఇంజన్‌ను సున్నా చిరునామాతో నడపొచ్చని కొన్ని కంట్రోలర్ల మీద రాసి ఉంటుంది. నడుస్తుంది కూడా. కాకపోతే ఆగి ఉన్నప్పుడు సైతం మోటారు సన్నగా ఈల వేస్తూ వేడెక్కుతుంది. దాన్ని అలా వదిలి భోజనానికి వెళ్లకండి.

డీసీసీ తీర్చని చిక్కు ఒకటుంది. పాకాలలో మూడు లైన్లను త్రికోణంగా కలిపినా, బండి గుండ్రంగా తిరిగి వచ్చిన పట్టానే మళ్లీ కలుసుకునేలా లూప్ వేసినా, ఎడమ పట్టా కుడి పట్టాకు తగిలి షార్ట్ అవుతుంది. ఆ ముక్కను రెండు చివర్లా కోసి ఆటో రివర్సర్ అనే పరికరం మీదుగా కరెంటు ఇస్తే, చక్రం కోత దాటే క్షణంలోనే అది ఆ ముక్కలోని ప్లస్ మైనస్‌ను మార్చేస్తుంది. ఇంజన్ ఆగదు. ముందుకు అంటే ఇంజన్ ముక్కు వైపు అనే అర్థం డీకోడర్‌కు తెలుసు, పట్టా ఏ వైపు ప్లస్సో దానికి అనవసరం.

ఇవన్నీ కుదిరాక రెండో మెట్టు, ఏ బండి ఎక్కడుందో పట్టాకు తెలియజేయడం. 2022 మార్చి 4న దక్షిణ మధ్య రైల్వే సికింద్రాబాద్ డివిజన్‌లో గుల్లగూడ, చిట్టిగిద్ద స్టేషన్ల మధ్య, రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్‌ను చూపించినప్పుడు, ఎదురెదురుగా వస్తున్న రెండింటిలో రైల్వే మంత్రి ఉన్న ఇంజన్ 380 మీటర్ల దూరంలోనే దానంతటది ఆగింది. మన బల్ల మీద ఆ దూరం 4 మీటర్ల 37 సెంటీమీటర్లు. కవచ్‌కు రేడియో, పట్టాల మధ్య ట్యాగులు ఉన్నాయి. మనకు అంత అక్కర్లేదు. డీకోడర్ ఆగి ఉన్నప్పుడు కూడా కొన్ని మిల్లీఆంపియర్లు తింటూనే ఉంటుంది. పట్టాను ముక్కలు చేసి, ఒక్కో ముక్కలోకి కరెంటు పోతోందా లేదా అని కనిపెట్టే చిన్న సెన్సర్ పెడితే, ఆ ముక్కలో ఇంజన్ ఉన్నదీ లేనిదీ జేఎంఆర్‌ఐకి తెలుస్తుంది. ముందు ముక్క ఖాళీగా లేకపోతే వెనక బండిని ఆపమని దానికి నేర్పవచ్చు. పట్టాలను కోసే పాత పద్ధతి ఇలా మళ్లీ వచ్చింది, కాకపోతే ఈసారి నడపడానికి కాదు, చూడడానికి. బోగీలకు డీకోడర్ ఉండదు కాబట్టి అవి సెన్సర్‌కు కనిపించవు. చివరి బోగీ ఇరుసు మీద రెండు చక్రాలనూ కలుపుతూ 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి అంటిస్తే 15 వోల్టుల దగ్గర అది ఒకటిన్నర మిల్లీఆంపియర్లు లాగుతుంది. విడిపోయి లైను మీద మిగిలిపోయిన బోగీ కూడా అప్పుడు లెక్కలోకి వస్తుంది.